తారు తప్పిన దారులు

ఇటలీలోని టస్కనీలో, సియెనా నగరం చుట్టూ ఉన్న కొండల మీద తెల్లటి కంకర దారులు మెలికలు తిరుగుతూ పోతుంటాయి. వాటిని అక్కడ 'స్ట్రాడే బియాంకే' అంటారు. తెల్లదారులు అని అర్థం. బండ్ల రొద, హారన్ల మోత లేని ఆ దారుల్లో సైకిలు తొక్కడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. సైప్రస్ చెట్ల వరసలూ, గుట్ట మీద ఒంటరి ఇల్లూ ఉన్న ఫొటోలు చూస్తే, రోమన్ల కాలం నుంచీ ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన చోటేమో అనిపిస్తుంది. అది నిజం కాదు. రోమన్లు వేసిన వియా కాసియా సియెనా జిల్లా గుండానే పోతుంది, దాని మీద తారు పడి చాలా కాలమైంది. పాతదనమే దారిని కాపాడేదైతే ముందు ఆ రోడ్డునే కాపాడి ఉండాలి. తెల్లదారులు మిగిలింది ప్రాచీనత వల్ల కాదు. మనుషులు వెళ్లిపోవడం వల్ల మిగిలాయి, సైకిళ్లు రావడం వల్ల నిలిచాయి.

ఇవి అసలు సేద్యం కోసం పుట్టిన దారులు, మన డొంకల్లాంటివి. టస్కనీలో కొన్ని శతాబ్దాలపాటు 'మెద్జాద్రియా' అనే పద్ధతి నడిచింది. భూమి ఆసామిది, కష్టం రైతు కుటుంబానిది, పంట చెరిసగం. కోరు సేద్యం తెలిసిన తెలుగు పాఠకుడికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే: మన దగ్గర పాలికాపు ఊళ్లో ఉండి పొలానికి పోతాడు, అక్కడ కుటుంబమంతా పొలంలోనే కాపురం. ఇల్లు ఊరికి దూరంగా, ఒక్కటే ఉంటుంది కాబట్టి ప్రతి ఇంటికీ ఒక దారి కావలసి వచ్చింది. అందుకే ఆ కొండల మీద అన్ని దారులు. సియెనాకు ఆగ్నేయంగా ఉన్న క్రేతే సెనేసీలో నేలంతా బంకమట్టి. వానకు వాలు జారిపోతుంది, పల్లంలో నీళ్లు నిలుస్తాయి. ఇల్లు కట్టాలన్నా బండి నడవాలన్నా గట్టు మీది వెన్నే దిక్కు. ఒక వెన్ను దిగి ఇంకో వెన్ను ఎక్కే ఆ దారిని కొలిచింది ఎద్దులబండి అవసరమే తప్ప ఇంజనీరు కాదు. నేటి సైక్లిస్టు ఊపిరి తీసే ఆ పొట్టి, నిట్టనిలువు ఎక్కుళ్లు అక్కడి నుంచి వచ్చినవే. సియెనా నగర భవనంలో అంబ్రోజో లొరెంజెత్తి 1338-39లో గీసిన కుడ్యచిత్రంలో కూడా ఇవే కొండలు, పొలాలు, సరుకుతో నగరానికి వస్తున్న పల్లె జనం కనిపిస్తారు. అందులో దారి నిండా మనుషులే. ఇవాళ్టి నిశ్శబ్దం ఆ దారులకు పుట్టుకతో వచ్చింది కాదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ మనుషులు ఫ్యాక్టరీలకూ పట్టణాలకూ తరలిపోయారు. 1964 సెప్టెంబరు 15న వచ్చిన చట్టం కొత్త మెద్జాద్రియా ఒప్పందాలను నిషేధించింది. సరిగ్గా పందొమ్మిది రోజులకు, అక్టోబరు 4న, మిలాన్ నుంచి నేపుల్స్ దాకా 'సూర్య రహదారి' పూర్తయింది. అది సియెనాను తాకకుండా తూర్పుగా అరెత్సో వైపు నుంచి సాగిపోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ అనరు గానీ, ఫలితం మాత్రం ఒకే చోట పడింది: పల్లెలో జనం లేరు, ఆ వైపు వచ్చే బండ్లూ లేవు. తారు ఎప్పుడూ జనాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఖాళీ ఇంటికి పోయే దారికి తారు ఎవరు వేస్తారు?

ముప్పు వచ్చింది డబ్బుతో. పాడుబడ్డ ఇళ్లను నగరవాసులూ విదేశీయులూ కొనుక్కుని బాగుచేయించుకోగానే కార్లు వచ్చాయి, కార్ల వెనకే తారు మాటా వచ్చింది. అలాంటి సమయంలో, 1997లో, గయోలే ఇన్ కియాంతి అనే చిన్న ఊళ్లో జాన్‌కార్లో బ్రోచ్చి 'లెరోయికా' సైకిల్ యాత్ర మొదలుపెట్టాడు. మొదటి ఏడాది వచ్చింది 92 మంది. 1987కు ముందు తయారైన సైకిలే వాడాలన్నది నియమం. చూడ్డానికి ఇది పాతకాలపు వేషంలా ఉంటుంది, నిజానికి గట్టి వాదన. 1909లో జిరో ద ఇటాలియా సైకిల్ పందెం మొదలైనప్పుడు పందెగాళ్లు తొక్కింది చాలావరకు మట్టి, కంకర దారులే. ఫ్లోరెన్స్ పక్క ఊరివాడైన పందెగాడు బర్తాలీ తరం దాకా దుమ్మూ బురదా ఆ ఆటలో భాగమే. పాత సైకిలు గౌరవించదగ్గదైతే, అది నడిచిన నేల కూడా అంతే. అలా ఒక వెనకబాటు గుర్తు, వారసత్వం అయింది. 2007లో వృత్తి క్రీడాకారుల పందెం తోడైంది. సియెనాలోని పియాత్సా దెల్ కాంపోలో ముగిసే ఆ పందేన్ని ఇవాళ 'స్ట్రాడే బియాంకే' అనే పిలుస్తున్నారు. 2010లో జిరో ఇవే దారుల మీదుగా మోంటల్చీనోకు వెళ్లిన రోజు వాన కురిసింది. ఒళ్లంతా బురదతో కాడెల్ ఎవాన్స్ గెలిచిన ఆ దృశ్యం తెల్లదారుల పేరును లోకమంతా తిప్పింది. 'గ్రావెల్ సైకిల్' అని కంపెనీలు పేరుపెట్టి అమ్మే సరుకు బజారును ముంచెత్తింది ఆ తర్వాతే. రోడ్డు ముందు, బండి తర్వాత.

దుమ్ము తినేది అక్కడ కాపురముండేవాళ్లు, మురిసిపోయేది పైవాళ్లు అనే అభ్యంతరం ఉంది. తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. అంబులెన్సు రావాలన్నా బడి బస్సు రావాలన్నా తారు రోడ్డు నయమే. కాకపోతే ఇక్కడ పోటీ కంకరకీ తారుకీ మధ్య మాత్రమే కాదు. కంకర దారి వానకు కోసుకుపోతుంది, పక్క కాలువలు పూడిపోతాయి. ఎప్పటికప్పుడు చదును చేయకపోతే గుంతలై, చివరికి దారే ఉండదు. తారు వేయకపోవడం కాపాడడం కాదు, కాపాడడానికి ఖర్చుంది. ఆ ఖర్చు పెట్టడానికి ఊరికి ఒక కారణం కావాలి. సైక్లిస్టు బస, భోజనం, అతడు కొనే వైన్ సీసా ఆ కారణం అయ్యాయి. మరి ఆ సైక్లిస్టులు సైకిలును కారు నెత్తిన కట్టుకునే కదా గయోలే దాకా వచ్చేది అంటే, అవును. ఆ చిక్కుకు పూర్తి జవాబు లేదు. పందెం రోజున అక్కడ నిశ్శబ్దం ఆశించడం అమాయకత్వం. కానీ పందెం ఒక్కరోజుది. సుమారు రెండు వందల కిలోమీటర్ల లెరోయికా మార్గానికి పాతిన గుర్తుపలకలు ఏడాది పొడుగునా ఉంటాయి, ఒంటరిగా వచ్చినవాడు కూడా వాటిని పట్టుకుని పోవచ్చు.

స్ట్రాడే బియాంకే పందెంలో అందరూ భయపడే ముక్క, అషానో దగ్గరి మోంతె సాంతె మరియె, పదకొండున్నర కిలోమీటర్ల కంకర. మూడుసార్లు గెలిచిన స్విస్ పందెగాడు ఫాబియన్ కాన్చెలారా పేరును ఇప్పుడు ఆ ముక్కకు పెట్టారు. ఎద్దులబండి తోలుకుని ఆ ఎక్కుడు ఎక్కిన పాలికాపుల పేర్లు అక్కడ ఏ రాయి మీదా లేవు.