జీపు బ్రేకు కథ: విల్లీస్ నుంచి జోల్వా దాకా

ఫౌజులో బండి తోలినవాళ్లకు పాత జీపు బ్రేకు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాలి బలమంతా పెట్టి తొక్కితేగాని బండి ఆగేది కాదు. ఇరవై ఏళ్ల వయసులో ఆ కష్టం తెలియలేదు. పెన్షన్ తీసుకుంటూ, మోకాళ్లు అరిగిన తరువాత ఇప్పుడు తెలుస్తోంది.

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో, కడోదరాకు దగ్గర్లో జోల్వా అనే ఊరుంది. చుట్టూ బట్టల మిల్లులే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు చాలామంది ఉన్నారు. మా మేనల్లుడు కూడా జోల్వాలో ఓ మిల్లులో పనిచేస్తాడు. వాడు పాత మహీంద్రా డీజిల్ జీపు ఒకటి కొన్నాడు. నేను చూడటానికి వెళ్లినప్పుడు ఇంటి ముందు షెడ్డులో ఆ జీపు, పక్కన తుక్కు కొట్టులో తెచ్చిన కారు బూస్టరు కనిపించాయి.

"మామా, బ్రేకు తొక్కలేక కాలు పోతుంది. పిల్లలను ఎక్కించుకోవాలంటే భయమైతుంది. దీన్ని బిగిద్దాం" అన్నాడు.

"బిగిద్దాంగాని, దీనికి వాక్యూమ్ ఎక్కడినుంచి ఇస్తవురా?" అని అడిగాను.

ఇంజన్ గాలి పీల్చే గొట్టానికి కలుపుతానన్నాడు. అక్కడే ఆపి, పని మొదలుపెట్టే ముందు వాడికి ఈ బ్రేకు చరిత్ర చెప్పాను. అదే ఇక్కడ మన సభ్యుల కోసం రాస్తున్నాను.

మొదట్లో మోటారు బండ్ల బ్రేకులు కడ్డీలతో, తీగలతో పనిచేసేవి. ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుకు అమెరికాలో మాల్కమ్ లాకీడ్ రూపం ఇచ్చాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ అవి వచ్చాయి. బండ్లు బరువెక్కిన కొద్దీ కాలి బలం చాలలేదు. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దెవాంద్ర్ వాక్యూమ్‌తో కాలికి సాయం చేసే పద్ధతి రూపొందించాడు. 1927లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. రెండున్నర టన్నుల జీఎంసీ ట్రక్కుకు హైడ్రోవాక్ అనే వాక్యూమ్ సాయం ఉండేది. 1941 నుంచి తయారైన విల్లీస్ ఎం.బి. జీపుకు అది లేదు. ఖాళీ బండి బరువు సుమారు 1,100 కిలోలే కాబట్టి తొమ్మిది అంగుళాల డ్రమ్ములు, డ్రైవరు కాలు సరిపోతాయని లెక్క. మహీంద్రా వారు 1947లో బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు మనకు వచ్చింది ఆ వంశమే. తరువాత డీజిల్ ఇంజన్లు వచ్చి బరువు పెరిగింది, రోడ్లు బాగుపడి వేగమూ పెరిగింది. మారుతి జిప్సీ ఫౌజులోకి వచ్చాక ముందు డిస్కులు, బూస్టరు ఉన్న బండి ఎంత తేలిగ్గా ఆగుతుందో మనందరం చూశాం.

ఇక వాక్యూమ్ సంగతి. బూస్టరు అంటే రేకు డబ్బా, మధ్యలో రబ్బరు పొర. పెడల్ మీద కాలు లేనప్పుడు రెండు వైపులా వాక్యూమే. తొక్కగానే వెనుకవైపు వాల్వు తెరుచుకుని బయటి గాలి లోపలికి వచ్చి పొరను ముందుకు తోస్తుంది. తొమ్మిది అంగుళాల పొర మీద చదరపు సెంటీమీటరుకు 0.65 కిలోల తేడా ఉంటే దాదాపు 270 కిలోల తోపుడు వస్తుంది. పెట్రోలు ఇంజన్‌లో థ్రాటిల్ మూసుకున్నప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఈ వాక్యూమ్ దానంతటదే పుడుతుంది. మామూలు డీజిల్ ఇంజన్‌కు ఆ థ్రాటిల్ ఉండదు, కాబట్టి మానిఫోల్డ్‌లో పనికొచ్చే వాక్యూమ్ రాదు. మావాడు అనుకున్నట్టు గొట్టం కలిపితే పెడల్ ఇదివరకటిలాగే గట్టిగా ఉండేది.

అందుకని వెనుక వాక్యూమ్ పంపు ఉన్న డీజిల్ బండి ఆల్టర్నేటరు సంపాదించాం. పంపుకు ఇంజన్ నుంచి ఆయిల్ రావడానికి ఒక పైపు, తిరిగి పోవడానికి ఒక పైపు వేశాం. గొట్టంలో వన్‌వే వాల్వు పెట్టాం.

అయితే అన్నిటికంటే ముందు పాత బ్రేకులు విప్పించాను. ఒక వీల్ సిలిండరు కారుతోంది, ఒక వైపు లైనర్లకు నూనె పట్టింది, రబ్బరు హోసులు పగుళ్లిచ్చాయి. అవన్నీ మార్చి, డ్రమ్ములు టర్నింగ్ చేయించి, కొత్త బ్రేకు ఆయిల్ పోసి, గాలి తీశాం. బూస్టరు ఇంకా బిగించకముందే సగం జబ్బు తగ్గింది! మావాడు ఆశ్చర్యపోయాడు. జబ్బు చక్రంలో ఉంటే బూస్టరు ఏం చేస్తుంది? కారే సిలిండరు మీద ఇంకా ఎక్కువ ఒత్తిడి పెడుతుంది, అంతే.

పాత జీపులో మాస్టర్ సిలిండరు ఫ్లోరు కింద ఉంటుంది. పైగా ఒకే సర్క్యూటు: ఒక పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోయినట్టే. అందుకే ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు వేరువేరుగా పనిచేసే టాండెమ్ సిలిండరు పెట్టి, బూస్టరును ఛాసిస్‌కే మందపాటి బ్రాకెట్‌తో బిగించాం. పల్చటి రేకుకు బిగిస్తే తొక్కినప్పుడల్లా వంగుతుంది.

నా తప్పు కూడా చెప్పాలి. బూస్టరు పుష్‌రాడ్‌కూ మాస్టర్ సిలిండరుకూ మధ్య కొద్దిపాటి సందు ఉండాలి. తొందరలో నేను దాన్ని బిగుతుగా వదిలేశాను. మొదటి ట్రయల్‌లో రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి బ్రేకులు పట్టేసి డ్రమ్ములు కాలిపోతున్నాయి. పిల్లలు ఎక్కుతామని ఎంత ఏడ్చినా ఆ రోజు ఎక్కించుకోకపోవడమే మంచిదైంది. మర్నాడు సరిచేశాం.

పరీక్ష చాలా సులువు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కాలి, గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ అందడం లేదన్నమాట. మనం రోజూ పొద్దున ఫస్ట్ పరేడ్‌లో బండి చూసినట్టే ఇదీ చూసుకోవాలి.

లేహ్‌లో పనిచేసిన మిత్రులకు ఇంకో మాట. తోసేది బయటి గాలే కాబట్టి, గాలి పలచబడితే బూస్టరు బలమూ తగ్గుతుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరే అసలు బ్రేకు అని మన ఉస్తాదులు చెప్పింది ఊరికే కాదు.

చట్టం సంగతి కూడా మరవకూడదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మేము షెడ్డు దగ్గర, మిల్లు వెనుక ఖాళీ జాగాలో మాత్రమే నడిపి చూశాం. ఆర్.టి.ఓ. ఆఫీసులో అడిగి, కాగితం చేతికొచ్చాకే రోడ్డెక్కించమని మావాడికి గట్టిగా చెప్పాను.

చివరగా, ఇంజన్ ఆపేసి, బూస్టరు సాయం లేకుండా వాడిచేత బండి ఆపించాను. కష్టపడ్డాడు గాని ఆపాడు. "ఇప్పుడు పిల్లలను ఎక్కించుకోవచ్చా మామా?" అన్నాడు. "కాగితం రానీ, ఎక్కించుకో" అన్నాను. సాయం ఉన్నప్పుడు ఎవరైనా ఆపుతారు. సాయం లేనప్పుడు కూడా ఆగే బండిలోనే మనవాళ్లను కూర్చోబెట్టాలి.

జై హింద్.