కాప్రా చెరువు పరిసర కాలనీలు

కాప్రా చెరువు పరిసర కాలనీలు హైదరాబాదు నగరానికి ఈశాన్యాన, సికింద్రాబాదుకు చేరువలో ఉన్న నివాస ప్రాంతాలు. ఏ.ఎస్.రావు నగర్, సైనిక్‌పురి, వాయుపురి, కాప్రా వీటిలో ముఖ్యమైనవి. ఇవి తెలంగాణలోని మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాకు చెందినవి. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా ఏర్పడక ముందు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. దక్షిణాన నాచారం, ఉప్పల్‌లలో పెద్దచెరువు, నల్లచెరువుల చుట్టూ వెలసిన కాలనీల చరిత్ర కూడా దాదాపు ఇటువంటిదే కనుక వాటి ప్రస్తావన కూడా ఈ వ్యాసంలో ఉన్నది.

పేరు వెనుక చరిత్ర

ఏ.ఎస్.రావు నగర్‌కు ఆ పేరు అణుశక్తి శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు (1914–2003) పేరు మీద వచ్చినది. ఆయన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివారు. 1956లో ట్రాంబేలో పనిచేయనారంభించిన అప్సర రియాక్టరు నియంత్రణ పరికరాల తయారీలో పాలుపంచుకున్నారు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) స్థాపనకు ఆయనే సారథి. ఈసీ టీవీలకు, ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలకు పేరుపడిన ఈ సంస్థ ఉద్యోగుల నివాసాలతో మొదలైన కాలనీయే ఏ.ఎస్.రావు నగర్. ఈ ప్రాంతంలో కూడలిని నేటికీ జనం 'ఈసీఐఎల్' అనే పిలుస్తారు. బస్సుల బోర్డుల మీద కూడా ఆ పేరే ఉంటుంది.

చెరువు

ఇప్పటి వాడుకలో 'లేక్' అంటున్నా కాప్రా చెరువు సహజ సరస్సు కాదు. దక్కను పీఠభూమిలోని ఇతర చెరువుల వలె వాననీటిని మట్టికట్టతో నిలిపిన జలాశయము. ఇటువంటి చెరువుకు కట్ట, తూము, అలుగు ముఖ్యమైన అంగాలు. తూము ద్వారా నీరు దిగువ పొలాలకు చేరును. ఆ పొలాలే ఆయకట్టు. చెరువు నిండిన తరువాత మిగులు నీరు అలుగు (తెలంగాణలో మత్తడి అని కూడా అంటారు) దుమికి కాలువ గుండా దిగువ చెరువుకు పోవును. ఒకదాని మిగులు మరొకదానికి అందే ఈ ఏర్పాటునే గొలుసుకట్టు అంటారు. నీటి పంపకం చూసేందుకు ఊరిలో నీరటి ఉండేవాడు.

చెరువు నీటి విస్తీర్ణం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. వేసవిలో నీరు వెనుకకు తగ్గి చెరువు నేల బయటపడుతుంది. ఈ నేలను రెవెన్యూ భాషలో శిఖం భూమి అంటారు. కొన్నిచోట్ల శిఖం భూములకు పట్టాలు కూడా ఉన్నాయి. నీరు తగ్గినప్పుడు అందులో పైరు వేసుకొనే హక్కు పట్టాదారుకు ఉన్నది, కట్టడం కట్టే హక్కు లేదు. ఈ ప్రాంతపు తగాదాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. మే నెలలో చూసినవాడికి అది చదునైన పొడినేల; సెప్టెంబరులో చూసినవాడికి చెరువు. పట్టా కాగితం నిజమైనదే కావచ్చును గాని, దానివలన ఆ నేల ఇంటిస్థలం కాదు.

కాలనీల ఏర్పాటు

సైనిక్‌పురి మాజీ సైనికుల గృహనిర్మాణ సహకార సంఘం ద్వారా ఏర్పడినది. వాయుపురి పేరు వైమానిక దళాన్ని గుర్తు చేస్తుంది. నాచారంలోని హెచ్‌ఎంటీ నగర్ పేరులో కూడా ఒక ప్రభుత్వరంగ సంస్థ ఉన్నది. సహకార సంఘం భూమి కొని, రోడ్లకు, పార్కులకు స్థలం విడిచి, మిగిలినది సభ్యులకు పంచేది. అందువలన తొలి కాలనీలలో వీధులు వెడల్పుగా, ఇళ్ళు చెట్లతో ఉంటాయి. ఇవి గోడ కట్టి గేటు వేసిన సముదాయాలు కావు. ఇరుగుపొరుగు చాలామంది ఒకే కార్యాలయంలో పనిచేసినవారు కావడమే వీటి ప్రత్యేకత. గేటెడ్ కమ్యూనిటీలు, బహుళ అంతస్తుల భవనాలు తరువాతి కాలానివి.

కాలనీలు పెరిగేకొద్దీ ఆయకట్టు పొలాలు ప్లాట్లయినవి. పొలం లేనిచోట తూముతో పనిలేదు, తూముతో పనిలేనిచోట నీరటితో పనిలేదు. చెరువును కనిపెట్టుకొని ఉండే రైతు పోయిన తరువాత ఆ పని కాలనీ సంక్షేమ సంఘాల మీద పడినది. పాలనాపరంగా ఇది చాలాకాలం కాప్రా పురపాలక సంఘం పరిధిలో ఉండి, 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైనది. 2016, 2020 నగరపాలక ఎన్నికలలో డాక్టర్ ఏ.ఎస్.రావు నగర్ 2వ డివిజను.

నీటి హద్దులు, నిబంధనలు

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే హద్దును పూర్తి నిల్వ మట్టం (ఎఫ్‌టీఎల్) అంటారు. 2012 భవన నిర్మాణ నిబంధనల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఈ హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీగా విడువవలెను. దీనినే బఫర్ జోన్ అంటున్నారు. కాప్రా చెరువు మొదటి తరగతిలోనిది. 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో కూడా చెరువు పరిధిలోని ప్లాట్లకు అర్హత లేదు.

చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలను హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) సర్వే నంబర్లతో సహా ప్రకటిస్తున్నది. చెరువు వైపు స్థలం కొనదలచినవారు లింకు దస్తావేజులతో పాటు ఈ పటాన్ని కూడా చూడవలెను. ప్రకటనలలో 'లేక్ వ్యూ' అన్న మాట ఇంటి ధరను చెబుతుంది గాని నీటి హద్దును చెప్పదు. 2024 జులైలో ప్రభుత్వం చెరువుల ఆక్రమణల తొలగింపునకు, విపత్తు నివారణకు హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసినది. అది తొలి విడతలో పునరుద్ధరణకు ఎంచుకొన్న చెరువులలో ఉప్పల్ నల్లచెరువు ఒకటి.

వరదలు, మురుగునీరు

2020 అక్టోబరు 13న హైదరాబాదులో కుంభవృష్టి కురిసినది. ఆ రోజు తూర్పున ఘట్‌కేసర్ మండలంలో 30 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైనది. రామంతాపూర్, ఉప్పల్, నాచారం ప్రాంతాలలో చెరువుల పక్కనున్న కాలనీలలోకి నీరు చేరినది. చెరువు నుండి చెరువుకు పోయే కాలువలు ఇళ్ళ నడుమ ఇరుకైనందున, అలుగు దుమికిన నీరు వీధులనే కాలువలుగా చేసుకొనును. ఇది ఒడ్డున ఉన్నవారి తప్పు మాత్రమే కాదు. ఎగువన నేలంతా సిమెంటు అయినందువలన వాననీరు ఇంకకుండా ఒక్కపెట్టున దిగువకు వచ్చును.

వాన లేని కాలంలో సమస్య వేరు. ఎగువ కాలనీల మురుగు చెరువులో చేరుటచేత గుర్రపుడెక్క అల్లుకొని దోమలు పెరుగుతాయి. పూర్వం వేసవిలో ఎండే చెరువులు నేడు మురుగు వలన ఏడాదంతా నిండుగా కనిపించటం ఒక వింత. వానకు చోటు మిగలదు. 2021లో నగరానికి మంజూరైన 31 మురుగునీటి శుద్ధి కేంద్రాల పథకంలో నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు కూడా ఉన్నాయి.

ఇన్ని చిక్కులున్నా చెరువుగట్టు ఈ కాలనీల ఉమ్మడి స్థలం. ఉదయపు నడక, బతుకమ్మలు, వినాయక నిమజ్జనం అక్కడే. కొంగలు, నీటికోళ్ళు కనిపిస్తాయి.

సమీప చారిత్రక ప్రదేశాలు, రవాణా

సికింద్రాబాదు బ్రిటిషు సైనిక శిబిరంగా మొదలై, 1806లో నిజాం సికందర్ జా పేరును పొందినది. మౌలాలి గుట్టపై కుతుబ్‌షాహీల కాలపు దర్గా, గుట్ట దిగువన కవయిత్రి మహలకా బాయి చందా (1768–1824) సమాధి ఉన్నాయి. సికింద్రాబాదు నుండి ఈసీఐఎల్ కూడలికి 16 శ్రేణి సిటీ బస్సులు నడుస్తాయి. ఉప్పల్‌కు 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి రైల్వే టెర్మినల్ ఈ కాలనీలకు దగ్గరలోనే ఉన్నది.