సూచికలో ఇంటిపేరు: యల్లాప్రగడ సుబ్బారావు రచనలు – రసాయన శాస్త్రంలో ఆధార ప్రస్తావన

ఆధారాలు చూపే పద్ధతిని మన పరిశోధకులు సాధారణంగా ముద్రణ మర్యాదగానే పరిగణిస్తారు. కామా ఎక్కడ, సంవత్సరం ఎక్కడ అన్న దగ్గర చర్చ ఆగిపోతుంది. ఒక పరిశోధకుని పేరు నిలవడంలోనూ మరుగున పడడంలోనూ ఆ పద్ధతికి గల పాత్రను యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) రచనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

భీమవరంలో జన్మించిన సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ 66వ సంపుటంలో ఒక వ్యాసం ప్రకటించారు. ఫాస్ఫరస్ పరిమాణాన్ని ద్రావణంలో ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి నిర్ణయించే విధానం అందులోని విషయం. ఆనాటి రసాయన రచనల్లో ఈ వ్యాసాన్ని ప్రస్తావించిన తీరు గమనించదగినది: ‘ఫిస్క్, సి. హెచ్., సుబ్బారో, వై.’ అన్న పేర్లు, సంక్షిప్తం చేసిన పత్రిక పేరు, సంవత్సరం, రోమన్ అంకెల్లో సంపుటం, మొదటి పుట 375. వ్యాస శీర్షిక ఉండదు. గ్రంథాలయంలో ఆ సంపుటాన్ని దించి పుట తెరవడానికి శీర్షికతో పని లేదని రసాయనికుల భావన. 1907లో మొదలైన ‘కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్’ వంటి సారాంశ పత్రికలు ఈ సంక్షేపాలకు స్థిరత్వం కల్పించాయి. తెలుగు వ్యాసాల అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు. శీర్షిక పూర్తిగా ఇస్తాం, రచయితకు బిరుదులు కూడా చేరుస్తాం, పుట సంఖ్య మరిచిపోతాం.

ఇక పేరు సంగతి. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, వ్యక్తిని పిలిచేది రెండో పేరుతో. పాశ్చాత్య సూచిక చివరి పదాన్ని వంశనామంగా తీసుకుంటుంది. ఫలితంగా ‘యల్లాప్రగడ’ ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, తల్లిదండ్రులు పెట్టిన ‘సుబ్బారావు’ వంశనామమయింది. అయినా ఒక విధంగా ఇది అదృష్టమే. ఆయన దానిని ఒకే పదంగా రాయడం వల్ల పేరు విరగలేదు. ‘సుబ్బ’, ‘రావు’ విడివిడిగా రాసి ఉంటే, వేలాది రావుల మధ్య ‘రావు, వై. ఎస్.’గా మిగిలేవారు. 1935లో గుంటూరులో జన్మించిన రసాయన శాస్త్రజ్ఞులు ఎ. వి. రామారావు విషయంలో ఈ చిక్కు ప్రత్యక్షంగా కనిపిస్తుంది. ఆయన ఒకచోట ‘రామారావు, ఎ. వి.’, మరొకచోట ‘రావు, ఎ. వి. ఆర్.’ దీనికి తోడు మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ‘రావు’ను ఇంగ్లీషులో మూడు నాలుగు విధాలుగా రాసేవారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు రసాయనాచార్యులు ఎల్. రామచంద్రరావు పేరు సూచికల్లో ‘రో’గానే ఉంటుంది. అక్షరక్రమంలో ఒకే పేరువారు వేర్వేరు పుటల్లోకి చెదిరిపోయారు.

అసలు నష్టం మరోచోట జరిగింది. ఫోలిక్ ఆమ్ల నిర్మాణాన్నీ సంశ్లేషణనూ ప్రకటించిన 1946 నాటి ‘సైన్స్’ వ్యాసానికి కర్తలు 16 మంది. వారిలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహించిన సుబ్బారావు కూడా ఒకరు. కాని ప్రస్తావనల్లో అది ‘యాంజియర్, ఇతరులు’. ఆ ‘ఇతరులు’ అన్న మాటలో ఆయన కలిసిపోయారు. 1960వ దశకంలో వెలువడిన ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ ముద్రిత సంపుటాలు ఉదాహృత రచనలను మొదటి కర్త పేరు కిందనే చేర్చాయి. కనుక 1925 వ్యాసానికి వచ్చిన ప్రస్తావనలన్నీ ఫిస్క్ పేరు కిందనే కనిపిస్తాయి. ఆ సంపుటాల్లో సుబ్బారావు కోసం వెతికినవారికి ఆయన కృషిలో ఎంతో భాగం దొరకదు. ప్రయోగశాలల్లో మాత్రం ఆ విధానాన్ని ‘ఫిస్క్–సుబ్బారో పద్ధతి’ అనే పిలిచారు. సూచిక దాచిన పేరును వాడుక కాపాడింది.

ఆయనపై వచ్చే తెలుగు వ్యాసాలు ఇందుకు మరో కొస. ల్యూకీమియాపై అమినోప్టెరిన్ ప్రయోగ ఫలితాలను 1948లో ప్రకటించినవారు సిడ్నీ ఫార్బర్ బృందం. ఆ వ్యాసకర్తల్లో సుబ్బారావు లేరు. మందు ఆయన సారథ్యంలోని లెడర్లే నుంచి వచ్చింది. అభిమానంతో రాసేవారు ఈ తేడాను పాటించక, మూలవ్యాసం చూపక, అంతా ఆయన ఒక్కరికే ఆపాదిస్తారు. అక్కడ ‘ఇతరుల’లో కలిపేయడం, ఇక్కడ ఇతరులను తుడిచేయడం. రెండో దానికి మన సానుభూతి ఎక్కువ కాబట్టి అదే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం.

తెలుగు శాఖల సూచికల్లోనూ ఏకరూపత లేదు. గురజాడ ఇంటిపేరుతో, కృష్ణశాస్త్రి సొంత పేరుతో ప్రసిద్ధులు. పల్నాటి వీరచరిత్ర పరిష్కర్త అక్కిరాజు ఉమాకాంతంను ‘అ’లో వెతకాలా, ‘ఉ’లోనా అన్నది సిద్ధాంత గ్రంథం చేతికి వస్తేగాని తెలియదు. దాచేపల్లి పల్నాటి ఊరిపేరు, ఇంటిపేరు కూడా. ఆ ఇంటిపేరుగల రసాయన విద్యార్థి పత్రం పంపితే, పత్రిక నియమం ప్రకారం ఊరు, వంశం కలిసి ‘డి’ అన్న ఒక్క అక్షరమవుతాయి. తెలుగు వ్యాసంలోనైనా మొదటి ప్రస్తావనలో ‘యల్లాప్రగడ సుబ్బారావు’ అని పూర్తిగా ఇచ్చి, పక్కనే మూలంలో అచ్చయిన రూపాన్ని, ఆ వ్యాసపు కర్తలందరి పేర్లనూ నమోదు చేస్తే పుటలో రెండు పంక్తులు పెరుగుతాయి.