ఒక్క ఒడిలో ఎందరు పిల్లలు?



మిరప కోతకో, బట్టల మిల్లుకో పొద్దున్నే బయలుదేరే తల్లి పసిబిడ్డను ఎక్కడ వదిలి వెళుతుంది? అత్తగారుంటే ఆమె దగ్గర, లేకుంటే పక్కింటి అవ్వ దగ్గర. బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, రాయగడలోనైనా ఇది మీరెరిగినదే. మరి ఒక్క అవ్వ ఎందరు పిల్లలను చూడగలదు? ఆ లెక్క ప్రభుత్వం చెప్పాలా? ఈ ప్రశ్నతో ఇంగ్లండు నూట యాభై ఏళ్లు తర్జనభర్జన పడింది. ఆ కథ ఈ పూట చెప్పుకుందాం.

1870లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో మార్గరెట్ వాటర్స్ అనే ఆమె ఇంటికి పోలీసులు వెళ్లారు. డబ్బు పుచ్చుకుని పెంచుతానని తెచ్చుకున్న పసికందులు అక్కడ నల్లమందు మత్తులో చిక్కి శల్యమై పడి ఉన్నారు. ఒక బిడ్డను చంపిన నేరానికి ఆమెను అదే ఏడాది ఉరి తీశారు. దేశం ఉలిక్కిపడింది. 1872లో శిశు ప్రాణరక్షణ చట్టం వచ్చింది. ఏడాదిలోపు బిడ్డలను ఇద్దరిని గాని, అంతకు మించి గాని డబ్బుకు పెంచేవారు తమ ఇల్లు నమోదు చేయించుకోవాలి. ఆ ఇంట్లో ఎందరుండవచ్చో స్థానిక అధికారులు నిర్ణయిస్తారు.

అయితే ఆనాటి స్త్రీల హక్కుల వాదులే దీనిని ఎదిరించారు. పేద తల్లులు ఇరుగుపొరుగుతో చేసుకునే ఏర్పాట్లలో అధికారులు తలదూర్చితే, ఆ తల్లులు పనికెలా వెళతారని అడిగారు. అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. చివరకు పగటిపూట మాత్రమే పిల్లలను చూసేవారిని చట్టం వదిలిపెట్టింది.

పగటి కాపలా చట్టంలోకి రావడానికి 1948 దాకా పట్టింది. యుద్ధకాలంలో కార్ఖానాలకు వెళ్లిన తల్లుల కోసం తెరిచిన శిశుశాలలు యుద్ధం ముగిశాక చాలావరకు మూతపడ్డాయి. తల్లుల పనులు మాత్రం ఆగలేదు. అందుకే ఇళ్లలో పిల్లలను చూసేవారూ నమోదు కావాలన్నారు. 1989లో మరో చట్టం దానిని బలపరిచింది. నేడు అక్కడ ఒంటరిగా పిల్లలను చూసే ఆమె దగ్గర ఎనిమిదేళ్లలోపు వారు ఆరుగురికి మించరాదు. వారిలో అయిదేళ్లలోపు వారు మామూలుగా ముగ్గురే, ఏడాది నిండనివారు ఒక్కరే. తన కడుపున పుట్టిన పిల్లలూ ఈ లెక్కలోకే వస్తారు.

ఇంత కచ్చితం ఎందుకంటారా? ఇల్లు అంటుకుంటే రెండు చంకలలో ఎత్తుకోగలిగేది ఇద్దరినే కదా!

2013లో అక్కడి ప్రభుత్వం ఈ సంఖ్య పెంచాలనుకుంది. పిల్లలు పెరిగితే తల్లిదండ్రులకు ఖర్చు తగ్గుతుందన్నది వాదన. పిల్లలను చూసేవారూ, తల్లిదండ్రులూ ఒప్పుకోలేదు. ఆ ఆలోచన విరమించారు.

ఇక మన సంగతి. ఆ 1948లోనే మన ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలంది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. అదంతా గేటు లోపలి మాట. పక్కింటి అవ్వ గుమ్మం దాకా అది రాలేదు.

కనుక రేపు బిడ్డను అప్పగించేటప్పుడు ఒక్క మాట అడగండి: "అవ్వా, నీ దగ్గర ఇంకెందరున్నారు?" ఆమె చెప్పిన లెక్క ఎక్కువైతే ఆమెను తప్పుపట్టకండి. మనమిచ్చే డబ్బు చాలకనే ఆమె మరో ఇద్దరిని చేర్చుకుని ఉంటుంది. పిల్లల సంఖ్య తగ్గాలంటే అవ్వ కూలి పెరగాలి. ఇంగ్లండు కథలో మనం గుర్తుంచుకోవలసింది ఇదే.