గోల్ఫ్ స్వింగ్ నేర్పిన ఉస్తాదులు: నూరేళ్ళ పైచిలుకు కథ

మన సంఘం సభ్యుల్లో గోల్ఫ్ పట్టినవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ అది ఆఫీసర్ల ఆట అని దూరం నుంచి చూసినవాళ్ళు కూడా, రిటైరయ్యాక డాక్టరు రోజూ నడవమన్నాడని చెప్పి, సికింద్రాబాదు బైసన్ కోర్సులోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో పాత సెట్టొకటి భుజాన వేసుకుని కనబడుతున్నారు. సంతోషమే. కాని నెల తిరక్కుండానే దాదాపు అందరిదీ ఒకటే గోడు. బంతి కుడివైపుకి వంగి పొదల్లోకి పోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక మాట చెబుతారు. తల కదపకు అంటాడొకడు. ఎడమ చెయ్యి వంచకు అంటాడింకొకడు. నడుం ఇంకా తిప్పు అంటాడు మూడోవాడు. చివరికి డబ్బు కట్టి కోచ్ దగ్గరికి వెళితే, ఆయన ఈ ముగ్గురూ చెప్పింది తప్పంటాడు. పెన్షన్ డబ్బూ, అరవై దాటిన నడుమూ రెండూ పెట్టుబడిగా పెట్టి నేర్చుకునే విద్య కాబట్టి, ఎవరి మాట నమ్మాలన్నది చిన్న విషయం కాదు.

నేను ఆర్టిలరీలో లొకేటింగ్ రెజిమెంటులో పనిచేసినవాణ్ణి. కొన్నేళ్ళు ఉస్తాదుగా కూడా ఉన్నాను. అందుకని ఆటకంటే ఆట నేర్పే తీరుమీదే నా చూపు పోయింది. ఈ స్వింగును ఎవరెవరు ఏ కాలంలో ఎట్లా నేర్పారు, అందులో ఏది నిలిచింది, ఏది కొట్టుకుపోయింది అని చదువుతూ వచ్చాను. ఆ చదివినదే ఇక్కడ పంచుకుంటున్నాను.

గోల్ఫ్ మన దేశానికి చాలా ముందే వచ్చింది. కలకత్తా క్లబ్బు పుట్టింది 1829లో. బ్రిటిష్ దీవుల బయట అంతకంటే పాత క్లబ్బు లేదు. బెంగళూరు క్లబ్బు 1876 నాటిది. కాని ఆ రోజుల్లో నేర్పడం అనే వృత్తి విడిగా లేదు. ప్రొఫెషనల్ అనేవాడు కర్రలు చెక్కాలి, బంతులు చెయ్యాలి, గడ్డి చూసుకోవాలి, తీరికుంటే దొరగారికి పక్కన నిలబడి ఆడి చూపించాలి. చూసి పట్టుకున్నవాడు పట్టుకున్నాడు, లేనివాడు లేదు. బ్రిటిష్ ఓపెన్ ఆరుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్ 1905లో పుస్తకం రాసేనాటికి గాని, గ్రిప్పు ఇట్లా, కాళ్ళు ఇట్లా అని విడదీసి చెప్పే పద్ధతి జనంలోకి బాగా పోలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అప్పటి షాఫ్టు హికరీ కర్ర. గట్టిగా తిప్పితే అది మెలితిరిగేది. బంతికి తగిలే వేళకి క్లబ్ ఫేసు సూటిగా రావాలంటే చేతుల్తో దాన్ని సర్దుకోక తప్పేది కాదు. 1929లో సెయింట్ ఆండ్రూస్ వాళ్ళు స్టీలు షాఫ్టును అనుమతించారు. స్టీలుకి ఆ మెలిక చాలా తక్కువ. చేతులతో అంత సర్దుబాటు అక్కర్లేకపోగా, అదే పాత అలవాటు కొత్త జబ్బయింది. అయినా పాత పాఠాలు నోటిమాటగా ఇంకా ముప్పై నలభై ఏళ్ళు నడిచాయి. మస్కెట్ డ్రిల్లు తెచ్చి ఇన్సాస్ రైఫిలుకి నేర్పినట్టన్నమాట.

నాకు ఈ కథలో అందరికంటే నచ్చిన మనిషి ఎర్నెస్ట్ జోన్స్. మనవాళ్ళకి కూడా నచ్చుతాడు, ఎందుకంటే సిపాయి. ఇంగ్లండులో చిజల్‌హర్స్ట్ అనే చోట క్లబ్ ప్రొఫెషనల్‌గా ఉంటూ మొదటి ప్రపంచయుద్ధంలోకి వెళ్ళాడు. 1916లో ఫ్రాన్సు ఫ్రంటులో గాయపడి కుడికాలు మోకాలి కిందనుంచి పోగొట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక, కృత్రిమ కాలు ఇంకా పెట్టక ముందే, ఒంటికాలి మీద నిలబడి రాయల్ నార్విచ్ కోర్సులో 83 కొట్టాడు. రెండు కాళ్ళూ ఉన్న మనలో ఎంతమందికి 83 వస్తుందో చెప్పండి!

జోన్స్ ఆ స్కోరు చూసి మురిసిపోయి ఊరుకోలేదు. ఆలోచించాడు. బరువు కుడికాలి మీదికి మార్చాలి, మళ్ళీ ఎడమకాలి మీదికి తేవాలి, మోకాలు ఇట్లా ఉండాలి అని పుస్తకాలన్నీ చెబుతున్నాయి. నాకా కాలే లేదు. అయినా బంతి సూటిగానే పోతోంది. అంటే బంతిని కొడుతున్నది కాలు కాదు, క్లబ్బు తల. దాన్ని ఊపడం తెలిస్తే శరీరం తన సర్దుబాటు తాను చేసుకుంటుంది. ఆయన పద్ధతంతా ఇంతే. చేతిరుమాలు కొసకి చాకు ఒకటి కట్టి ఊపి చూపించేవాడు. ఊపితే రుమాలు బిగుతుగా నిలుస్తుంది, చాకు గుండ్రంగా తిరుగుతుంది. చేత్తో తోస్తే రుమాలు మడతపడి చాకు వేలాడుతుంది. ఊపడానికీ తొయ్యడానికీ తేడా పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. తరవాత అమెరికా వెళ్ళి న్యూయార్క్ నడిబొడ్డున, నాలుగు గోడల మధ్య పాఠాలు చెప్పాడు. 1932, 33, 34 వరసగా మూడేళ్ళు అమెరికా మహిళల అమెచ్యూర్ గెలిచిన వర్జీనియా వాన్ వీ ఆయన శిష్యురాలే. ఇంత సులువైన పద్ధతి అయితే పాఠాలు అమ్ముడుపోవని అక్కడి ప్రొఫెషనల్ సంఘం దీన్ని పక్కన పెట్టిందని ఒక కథ తిరుగుతుంది. కథే కావచ్చు గాని, కోచింగ్ వ్యాపారం చూసినవాళ్ళకి నమ్మబుద్ధవుతుంది.

జోన్స్ చెప్పిందంతా వేదం అని నేననను. గ్రిప్పు తప్పుగా పట్టినవాడు ఎంత చక్కగా ఊపినా ఫేసు తెరుచుకునే వస్తుంది. కాని శరీరంలో ఏ భాగం ఎక్కడుండాలో చెప్పడమే బోధన అనుకునేవాళ్ళకి ఆయన ఒంటికాలు గట్టి జవాబు.

దీనికి పూర్తిగా వేరే దారి బెన్ హోగన్‌ది. ఈయన కూడా 1943 నుంచి 45 దాకా అమెరికా ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్‌లో ఉన్నవాడే. 1949 ఫిబ్రవరిలో ఆయన కారుని బస్సు గుద్దింది. బతికితే గొప్ప అన్నారు. పదహారు నెలల తరవాత 1950లో మెరియన్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1957లో వచ్చిన ఆయన అయిదు పాఠాల పుస్తకం ఇప్పటికీ అమ్ముడవుతోంది, మన మెస్సుల లైబ్రరీల్లో కూడా కనిపిస్తుంది. బొమ్మలు చాలా బాగుంటాయి. అయితే హోగన్ జీవితమంతా పోట్లాడింది హుక్‌తో, అంటే బంతి ఎడమకి విపరీతంగా వంగడంతో. అది ఆపడానికి చేతుల్ని ఎడమవైపుకి తిప్పి పట్టే గ్రిప్పు అలవాటు చేసుకున్నాడు. కుడికి స్లైసు కొట్టే కొత్త ఆటగాడు అదే గ్రిప్పు పట్టుకుంటే స్లైసు ఇంకా పెరుగుతుంది. మందు మంచిదే, రోగి వేరు. మన కోర్సుల్లో ఈ పుస్తకం చదివి చెడిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

అసలు మలుపు 1968లో వచ్చింది. బ్రిటన్‌లో గోల్ఫ్ సొసైటీ పూనుకుని శాస్త్రవేత్తలతో కొన్నేళ్ళపాటు పరిశోధన చేయించింది. దాని ఫలితాన్ని అలస్టెయిర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ పుస్తకంగా రాశారు. క్లబ్బు బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. తగిలిన సంగతి మెదడుకి చేరేసరికి బంతి వెళ్ళిపోయే ఉంటుంది. డౌన్‌స్వింగు మొత్తం పావు సెకను లోపల అయిపోతుంది. కాబట్టి మధ్యలో ‘ఇప్పుడు మోచెయ్యి, ఇప్పుడు నడుం’ అని గిన్తీ మీద చేయించే అవకాశమే లేదు. గిన్తీ డ్రిల్లుతో బతికిన మనకి ఇది కాస్త మింగుడుపడదు.

అంతకంటే ముఖ్యమైంది బంతి బయల్దేరే దిశ గురించి. అప్పటిదాకా నేర్పింది ఏమిటంటే, క్లబ్బు కదిలే దారి ఎటుంటే బంతి అటు బయల్దేరుతుంది, ఫేసు ఎటు చూస్తే చివరికి అటు వంగుతుంది అని. నిజం దాదాపు తలకిందులు. బంతి ప్రధానంగా ఫేసు చూసే వైపే బయల్దేరుతుంది. డ్రైవరుతో అయితే సుమారు 85 శాతం, ఐరన్‌తో సుమారు 75 శాతం ఫేసుదే మాట. వంపు అనేది ఫేసుకీ క్లబ్బు దారికీ మధ్య తేడావల్ల వస్తుంది. నడిమధ్య కాకుండా అంచున తగిలితే లెక్క ఇంకా మారుతుంది.

జెండాకీ మనకీ మధ్య ఒక చెట్టుందనుకోండి. పాత పాఠం ప్రకారం ఫేసు జెండా వైపు పెట్టి, కాళ్ళు చెట్టుకి కుడివైపుగా సర్ది, కాళ్ళ దారినే ఊపితే, బంతి కుడిపక్కనుంచి బయల్దేరి ఎడమకి వంగి జెండా చేరాలి. చేసి చూడండి. బంతి వెళ్ళి చెట్టుకే కొడుతుంది, ఎందుకంటే ఫేసు చూస్తున్నది అటే. అప్పుడు కోచ్ ఏమనేవాడు? నువ్వు చెప్పినట్టు ఊపలేదు అనేవాడు. తప్పు పాఠానిది, తిట్లు శిష్యుడికి. 1968లోనే పుస్తకంలో ఉన్న సంగతి చాలా దేశాల కోచింగ్ మాన్యువళ్ళకి ఎక్కడానికి మరో మూడున్నర దశాబ్దాలు పట్టింది.

ఎక్కించింది రాడారు. ఇక్కడ నా పాత ఉద్యోగం ముచ్చట కొంచెం సహించాలి. గన్ను నుంచి వెళ్ళే షెల్ వేగాన్ని డాప్లర్ రాడారుతో కొలవడం మా వృత్తిలో మామూలు. డెన్మార్కులో వీబెల్ అనే కంపెనీ ఇట్లాంటి రాడార్లు చేస్తుంది. అందులో పనిచేసిన ఫ్రెడ్రిక్ టుక్సెన్ అనే ఇంజినీరుతో కలిసి 2003లో ట్రాక్‌మ్యాన్ కంపెనీ మొదలైంది. షెల్‌ని వెంబడించే పనిముట్టే గోల్ఫ్ బంతిని వెంబడించింది. బంతి ఏ దిశలో బయల్దేరింది, ఎంత తిరుగుడు ఉంది, క్లబ్బు ఏ దారిన వచ్చింది అన్నీ అంకెల్లో కనబడేసరికి పాత సూత్రం నిలవలేదు. అయితే ఇంగ్లండులో జాన్ జేకబ్స్ అనే ఉస్తాదు ఈ యంత్రాలేవీ లేకుండానే, 1972లో వచ్చిన తన పుస్తకంలోనూ అంతకుముందు తన పాఠాల్లోనూ, ముందు బంతి ఎగిరే తీరు చూడాలి, దాన్నిబట్టే కారణం వెతకాలి అని నేర్పాడు. మంచి వైద్యుడు నాడి చూసినట్టు.

మన ఫైరింగ్ రేంజి పద్ధతీ ఇదే కదా. రైఫిల్ జీరో చేసేటప్పుడు ఒక్క గుండు పక్కకి పోయిందని సైటు తిప్పం. అయిదు గుండ్లు కాల్చి, గ్రూపు చూసి, దాని మధ్యబిందువు పట్టుకుని, అప్పుడు సైటు మీద చెయ్యి వేస్తాం. ఒకసారికి ఒక్క మార్పే. నా దగ్గర సలహా అడిగిన మిత్రులకి చెప్పేది ఇదే. కోచ్ మొదటి పది బంతులు మాట్లాడకుండా చూశాడా? బంతి ఎక్కడ బయల్దేరి ఎటు వంగిందో నీకు చెప్పాడా? ఫేసు మీద కాస్త పౌడరు రాసి బంతి ఎక్కడ తగులుతోందో చూశాడా? నీ నడుము, మోకాలు, పాత దెబ్బల గురించి అడిగాడా? మొదటి బంతికే నోరు విప్పి ఆరు సంగతులు చెప్పినవాడికి రెండో ఫీజు కట్టక్కర్లేదు.

నడుము మాట ఎందుకన్నానంటే, 1992 నుంచి ఎక్స్ ఫ్యాక్టర్ అనే పేరుతో, తుంటి ఆపి భుజాలు వీలైనంత ఎక్కువ తిప్పాలనే పాఠం బాగా ప్రచారమైంది. కుర్రాళ్ళకి దానివల్ల దూరం వస్తుంది, కాదనను. మాతో పనిచేసి రిటైరైన ఒకాయన, డిస్క్ ఆపరేషన్ అయినవాడు, ఒక నగరంలో ఖరీదైన కోచింగ్ సెంటరుకి వెళ్ళాడు. పెద్ద తెర, రాడారు, స్లో మోషన్ అన్నీ ఉన్నాయి. ఆపరేషన్ సంగతి ఎవరూ అడగలేదు. అదే పాఠం చెప్పారు. మూడో వారానికి ఆయన మిలిటరీ హాస్పిటల్ ఫిజియోథెరపీలో ఉన్నాడు. యంత్రం బంతి గురించి నిజమే చెబుతుంది. ఎదురుగా ఉన్న మనిషిని చూడవలసింది మాత్రం నేర్పేవాడు.

ఇంకొక సంగతి. పాఠం జరుగుతున్నప్పుడు బంతులు బాగా పోతే మనం సంతోషిస్తాం. అది కొలమానం కాదు. ఒకే క్లబ్బుతో ఒకే చోటికి వరసగా యాభై కొడితే చివరివి ఎలాగూ బాగుంటాయి. వారం తరవాత, కోర్సులో, గాలిలో, కోచ్ పక్కన లేనప్పుడు ఏం మిగిలిందో చూసుకోవాలి. 1999లో గాబ్రియెల్ వుల్ఫ్ బృందం కొత్తవాళ్ళతో చిన్న షాట్లు కొట్టించి ఇట్లాగే పరీక్షించింది. చేతుల కదలిక మీద మనసు పెట్టినవాళ్ళకంటే క్లబ్బు ఊపు మీద పెట్టినవాళ్ళకి నేర్చింది ఎక్కువ నిలిచింది. ఎనభై ఏళ్ళ కిందట రుమాలూ చాకూ పట్టుకుని జోన్స్ చెప్పింది ఇదే.

మన దేశపు ఆటగాళ్ళ స్వింగులు చూస్తే ఇవన్నీ కళ్ళకి కడతాయి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కేడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1965లో అమెచ్యూర్ బిల్లూ సేఠీ తరవాత మనవాళ్ళు దాన్ని గెలవడం అదే. అలీ షేర్ 1993లో మళ్ళీ గెలిచాడు. కలకత్తా క్లబ్బులో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు చౌరాసియా, సొంతంగా చూసి నేర్చుకున్నవాడు, 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017ల్లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మన సికింద్రాబాదు ఈఎంఈ సెంటర్లో పరుగు నేర్చిన మిల్ఖాసింగ్ గారి అబ్బాయి జీవ్, పుస్తకంలో బొమ్మలా ఏమాత్రం ఉండని స్వింగుతో 2006లో యూరప్ టూర్‌లో వోల్వో మాస్టర్స్ కొట్టాడు. ఇక కంటోన్మెంటు ఊరు మహూ నుంచి వచ్చిన ముకేశ్ కుమార్. దేశవాళీ పోటీల్లో వందకు పైగా గెలిచిన మనిషి, ఆసియా టూర్ టైటిల్ మాత్రం అందలేదు. 2016 డిసెంబరులో ఢిల్లీలో పానసోనిక్ ఓపెన్ గెలిచి అదీ అందుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 51.