ఎవరు తీసిన తలుపు?

2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారన్న వార్త వచ్చినప్పుడు మా ఊళ్ళో ఏ తెలుగింట్లో చూసినా అదే మాట. హైదరాబాదు కుర్రాడు, మనవాడు అని ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. ఆ శనివారం ఒక మిత్రుడింట్లో భోజనాలయ్యాక మిఠాయిలు పంచారు. నేనూ రెండు తిన్నాను. తిరిగొస్తూంటే కారులో మా అమ్మాయి అడిగింది:

"నాన్నా, ఆయన బాగా చదువుకున్నాడు, కష్టపడ్డాడు, సరే. అలాంటివాళ్ళు 1950లో కూడా ఉండే ఉంటారుగా. మరి వాళ్ళెందుకు కాలేదు?"

ముప్ఫై అయిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నా ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను చదువుకున్నదీ, ఉద్యోగంలో కళ్ళారా చూసినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

తెలివికి కొదవ లేదనడానికి యల్లాప్రగడ సుబ్బారావు గారే సాక్ష్యం. భీమవరంలో పుట్టిన ఆయన 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరారు. భారతీయులు తెల్లవారు కారు కనక అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హార్వర్డులో ఏళ్ళ తరబడి పనిచేసినా సుబ్బారావు గారికి శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకి వెళ్ళి, తర్వాత అక్కడ పరిశోధనా విభాగానికి డైరెక్టరయ్యారు. భారతీయులకి పౌరసత్వం ఇచ్చే చట్టం 1946లో వచ్చింది. అదీ, కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్ళని ఏడాదికి 100 మందికే పరిమితం చేస్తూ. 1948లో, 53వ ఏట ఆయన కన్నుమూశారు. అంతటి మేధావికే దారి అంత ఇరుకుగా ఉంటే, మనలాంటి మామూలు ఇంజనీర్ల సంగతి చెప్పాలా?

ఆ దారిని వెడల్పు చేసింది మనం కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారు బస్సులు బహిష్కరించి, జైళ్ళకి వెళ్ళి, లాఠీదెబ్బలు తిని సాధించుకున్నది 1964 నాటి పౌరహక్కుల చట్టం. అందులో ఏడవ అధ్యాయం ఉద్యోగాల గురించి. జాతి, రంగు, మతం, స్త్రీపురుష భేదం, పుట్టిన దేశం, ఈ అయిదింటిలో దేన్ని బట్టీ ఉద్యోగంలో వివక్ష చూపకూడదని ఆ చట్టం చెప్పింది. చివరిదైన 'పుట్టిన దేశం' అన్న మాట మనలాంటివాళ్ళకి రక్ష. మరుసటి ఏడు, 1965 అక్టోబరు 3న, ప్రెసిడెంట్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. జాతిని బట్టి మనుషులని వేరుచెయ్యడం తప్పని దేశం లోపల ఒప్పుకున్నాక, సరిహద్దు దగ్గర అదే పని చెయ్యడానికి మొహం చెల్లలేదు. మన డాక్టర్లూ, ఇంజనీర్లూ విమానాలెక్కింది ఆ తర్వాతే.

అయితే చట్టం ఎవరికీ కుర్చీ వెయ్యలేదు. ఉద్యోగుల్లో ఎవరెంతమందో లెక్కలు అడిగింది. ఎందుకు తీసుకోలేదని ఎవరైనా అడిగితే కంపెనీ కారణం చూపించాల్సిన పరిస్థితి తెచ్చింది. పై అంతస్తు మాత్రం చాలా నెమ్మదిగా కదిలింది. ఫిలడెల్ఫియాలో లియాన్ సలివన్ అనే పాస్టర్, మా వాళ్ళకి ఉద్యోగమివ్వని కంపెనీల సరుకు కొనమంటూ ఉద్యమం నడిపాడు. ఆయనే 1971లో జనరల్ మోటార్స్ బోర్డులో మొట్టమొదటి నల్లజాతి సభ్యుడయ్యాడు. 1972లో వాషింగ్టన్ పోస్ట్ కంపెనీ అధిపతిగా కేథరిన్ గ్రాహం, ఫార్చ్యూన్ 500 కంపెనీల్లో ఆ పదవికొచ్చిన మొదటి మహిళ. ఇరవై ఏళ్ళు పైగా గడిచాక, 1995లో, ప్రభుత్వం వేసిన గ్లాస్ సీలింగ్ కమిషన్ లెక్క చూస్తే, పెద్ద కంపెనీల పై స్థాయి మేనేజర్లలో నూటికి 97 మంది తెల్లవాళ్ళే. నూటికి 95 మందికి పైగా మగవాళ్ళే.

ఆ లెక్క నాకు కొత్తగా అనిపించలేదు. నేను 1979లో వచ్చి మధ్యపశ్చిమంలో ఒక యంత్రాల కంపెనీలో చేరాను. 'చాలా మంచి ఇంజనీరు' అని ఏటేటా నా కాగితాల్లో రాసేవారు. మేనేజర్ని మాత్రం చేసేవారు కాదు. నేను పని నేర్పిన ఇద్దరు కుర్రాళ్ళు నాకే పైఅధికారులయ్యారు. మన పెంపకం తెలుసు కదా, తలవంచుకుని పని చేస్తే ఎవరో ఒకరు గుర్తిస్తారనుకునేవాణ్ణి.

మా విభాగంలో ఒక నల్లజాతి ఆవిడ ఉండేవారు. నాకన్నా ఆరేళ్ళు ముందు చేరిన మనిషి. ఒకరోజు కాఫీ తాగుతూ ఆవిడే నాకు చెప్పారు. ఖాళీల నోటీసు ఎక్కడ అంటిస్తారో, దరఖాస్తు ఎలా పెట్టాలో, తీసుకోకపోతే కారణం అడిగే హక్కు నాకుందని కూడా. "ఇవేవీ ఊరికే రాలేదు. మా అమ్మావాళ్ళు వీటికోసం వీధుల్లో నడిచారు," అన్నారు. నేను దరఖాస్తు పెట్టాను. రెండోసారికి మేనేజర్నయ్యాను. అది 1989.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉండేది.

1997లో నన్ను ఇంకో మెట్టు పైకి వేశారు. నా స్థానంలోకి ఎవరైతే బాగుంటుందని మా వైస్ ప్రెసిడెంట్ నడవాలో నడుస్తూ అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మనవాడి పేరు చెప్పాను. పండగలకి వాళ్ళింటికి మేమూ, మా ఇంటికి వాళ్ళూ వెళ్ళేవాళ్ళం. తెలివైనవాడు, పని బాగానే చేశాడు. కానీ ఆవిడకి అతనికన్నా అనుభవం ఎక్కువ, విభాగం మొత్తం ఆవిడకి కొట్టిన పిండి. ఆ ఖాళీకి నోటీసు వెయ్యలేదు. ఆవిడ అడిగే అవకాశమే రాలేదు. ఏడాది తిరక్కుండా వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నాకు చెయ్యి కలిపి, "ఇక్కడ నీకు బాగా జరిగింది, సంతోషం," అన్నారు. అందులో వెటకారం ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు.

నేను ఆవిడ మీద ద్వేషంతో చెయ్యలేదు. ఆవిడ పేరు నా నోటికి రాలేదు, అంతే. నన్ను పదేళ్ళు ఆపిన తెల్ల మేనేజర్లకి కూడా నా మీద ద్వేషం ఉండి ఉండదని అప్పుడు అర్థమైంది. గోల్ఫు ఆడేచోట వాళ్ళకి తెలిసినవాడి పేరు వాళ్ళ నోటికొచ్చింది. పులిహోర తినేచోట నాకు తెలిసినవాడి పేరు నా నోటికొచ్చింది. మన సంఘాల్లో ఏ ఊరు, ఏ కులం అని ఆరా తీసేవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత మంచి రోజులే వచ్చాయి. 2006లో పెప్సికోకి ఇంద్రా నూయీ, 2007లో అడోబీకి మన హైదరాబాదులో పెరిగిన శంతను నారాయణ్, 2009లో జెరాక్స్‌కి అర్సులా బర్న్స్ అధిపతులయ్యారు. ఫార్చ్యూన్ 500లో ఒక నల్లజాతి మహిళ ఆ స్థాయికి రావడం బర్న్స్‌తోనే మొదలు. నాదెళ్ళ గారు కూడా పదవిలోకి వచ్చిన ఏడాదే, అక్టోబరులో, మహిళా కంప్యూటర్ నిపుణుల సభలో జీతం పెంచమని అడగకుండా వ్యవస్థని నమ్ముకోండి, అది మంచి కర్మ అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. విమర్శలు రాగానే, తను చెప్పింది పూర్తిగా తప్పని ఆ రోజే ఉద్యోగులకి రాశారు. నేను పదేళ్ళు నమ్ముకున్నదీ ఆ కర్మనే కాబట్టి, ఆయన తప్పూ దిద్దుబాటూ రెండూ నాకు దగ్గరగా అనిపించాయి.

ఇప్పుడు గాలి మారింది. ప్రభుత్వంతో వ్యాపారం చేసే కంపెనీలు అందరికీ అవకాశమిచ్చేందుకు చొరవ తీసుకోవాలన్న 1965 నాటి ఉత్తర్వు 2025 జనవరిలో రద్దయింది. బోర్డుల్లో వైవిధ్యం గురించి నాస్‌డాక్ పెట్టిన నిబంధనని 2024 డిసెంబరులో కోర్టు కొట్టేసింది. మనవాళ్ళలో సంతోషించినవాళ్ళున్నారు. కాలేజీ సీట్ల విషయంలో మన పిల్లలకి అన్యాయం జరిగిందన్న వాళ్ళ బాధని నేను తీసిపారెయ్యను. "ప్రతిభ ఉంటే చాలు" అన్నప్పుడు మాత్రం సుబ్బారావు గారు గుర్తొస్తారు, ఆవిడ గుర్తొస్తారు.

1964 చట్టం ఇప్పటికీ ఉంది. మనలో చాలామంది ఇవాళ పేరు చెప్పే స్థానంలో ఉన్నాం. ఈసారి ఎవరైనా నడవాలో అడిగితే, మొదట నోటికొచ్చిన పేరు మింగి, నోటీసు అంటిద్దాం అనండి. నేను ఆ రోజు అనవలసిన మాట అదే.