ఆయుధమునకు అధికారి యెవ్వడు?

ఏ వస్తువును ఎవ్వరు చేపట్టవచ్చును, ఎవ్వరు చేపట్టరాదు అను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. దేవాలయపు గర్భగుడి మొదలు కచేరీలోని ఇనుపపెట్టె వరకు, తాళపుచెవి యెవరి మొలనుండవలెనను విషయమున కట్టుబాటు లేని చోటు కానరాదు. మహిమగల వస్తువుల విషయమున నీ కట్టుబాటు మరింత గట్టిది. దాని చరిత్రను మాకు తెలిసినంత మేరకు పాఠకుల యెదుట నుంచుటయే ఈ వ్యాసోద్దేశము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, లెక్కల పుస్తకములు వ్రాయుచు జీవితము గడపినవారము. లోపములున్న పెద్దలు మన్నింతురు గాక.

ఠాణే నుండి భివండీ పోవు మార్గముననున్న కాల్హేరులో మా నివాసము. ఒక ఆదివారమునాడు మా మనుమడును అతని స్నేహితులును మా యింటి ముందుగదిలో చేరి, పాచికలు వేయుచు, కాగితములపై నేదో వ్రాసికొనుచు ఆడుచుండిరి. నడుమ కలహము పుట్టినది. మనుమడు ధరించినది మాంత్రికుని పాత్ర. అతనికి గుహలో నొక మాయఖడ్గము దొరికినది. ఒక పిల్లవాడు తాను తెచ్చిన పాత పుస్తకమును చూపి, మాంత్రికుడు కత్తి పట్టరాదని వాదించెను. మనుమడు మా వద్దకు వచ్చి, "తాతా, మాంత్రికుడు కత్తి పట్టొద్దని ఎవరు పెట్టిండ్రు?" అని యడిగెను. మే మప్పటికప్పు డుత్తరము చెప్పలేకపోతిమి.

విచారింపగా తెలిసినదేమనగా, ఆ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దానిని కల్పించి 1974లో ప్రకటించిరి. మొదటి ముద్రణ వేయి ప్రతులు మాత్రమే. అందు ఆటగాండ్రకు మూడు వృత్తివర్గము లేర్పరచిరి: యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు. ధర్మపక్షములును మూడే: క్రమము, తటస్థము, అరాచకము. మాయఖడ్గము యోధునికే చెల్లును. మాంత్రికునికి చిన్న బాకు తప్ప వేరాయుధము లేదు. పురోహితుడు వాదర గల ఆయుధమును ముట్టరాదు. ఖడ్గమునకు సైతము బుద్ధియు పక్షమును కలవు. అన్యపక్షమువాడు దానిని చేతబట్టినచో వానికే గాయమగును. 1975లో దొంగయు, ధర్మయోధుడును చేరిరి. ధర్మయోధుని చేతిలో పూర్ణశక్తితో వెలుగు పవిత్రఖడ్గము ఇతరుల చేతిలో మంచి కత్తి మాత్రమే. ఆ యోధుడు బుద్ధిపూర్వకముగా దుష్కార్యము చేసెనా, అతని పదవియే పోవును.

ఈ నిషేధములకు హేతువు లేకపోలేదు. మంత్రములన్నియు తెలిసినవానికే మేటి ఖడ్గమును దొరకినచో, తక్కిన యాటగాండ్రకు చేయుటకు పని యుండదు. ఒకనికి మంత్రము, ఒకనికి ఖడ్గము, ఒకనికి స్వస్థత చేయు శక్తి పంచి యిచ్చినచో నలుగురును కలసి నడువక తప్పదు. ఇది సమతూకము కొరకు చేసిన పంపకము. అయినను కాలక్రమమున నీ కట్టు సడలినది. 2000 నాటి మూడవ కూర్పులో, నేర్పు సంపాదించిన దొంగ తనది కాని మంత్రదండమును సైతము పలికింపగల డనిరి. 2014 నాటి అయిదవ కూర్పులో, కొన్ని వస్తువులతో కొంతసేపు గడపి వానితో అనుసంధానము పొందవలెననియు, అట్టివి మూడింటికి మించి ఒకనికి చెల్లవనియు విధించిరి. పుట్టించిన వర్గముకంటె చేసిన సాధనకు విలువ హెచ్చినదన్న మాట.

ఈ వృత్తాంతము వినగానే మాకు మన భారతము స్ఫురించినది. కర్ణుడు బ్రహ్మాస్త్రము నుపదేశింపుమని ద్రోణు నడిగెను. వ్రతనిష్ఠ గల బ్రాహ్మణునికో, తపస్సు చేసిన క్షత్రియునికో గాని అది చెల్లదని ద్రోణుడు త్రోసిపుచ్చెను. కర్ణుడు మహేంద్రగిరికి పోయి, తాను భార్గవ బ్రాహ్మణుడనని చెప్పి పరశురాముని వద్ద నేర్చెను. గురువు తన తొడపై తలయుంచి నిద్రించుచుండగా కీటకము తొలిచినను కదలక రక్తమోడ్చెను. అంతటి ఓర్పునకు ఫలము శాపము. అసత్యము చెప్పినందుకే గురువు కోపించెనని పెద్ద లందురు. నిజమే. కాని సత్యము చెప్పినచో ద్రోణుని యింట దొరకినదేమి? ఈ ప్రశ్నకు మా కిప్పటికిని సమాధానము దొరకలేదు.

ఆ భారతమే సౌప్తిక పర్వమున వేరొక తక్కెడను మన చేతికిచ్చుచున్నది. అశ్వత్థామ ద్రోణపుత్రుడు, పుట్టుకచేత నధికారి. అతడు బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగించెను. అర్జునుడు దానికి ప్రత్యస్త్రము విడిచెను. వ్యాస నారదులు నడుమ నిలిచి ఉపసంహరింపుడని కోరగా, వ్రతమును తప్పని అర్జునుడు మరల్చుకొనగలిగెను. అశ్వత్థామకు శక్యము కాలేదు. అస్త్రము పాండవ స్త్రీల గర్భములపై బడినది. విడుచుటకు మంత్రము చాలును. మరల్చుటకు నడత కావలెను. ఇంతకంటె గొప్ప నిబంధనను ఏ యాటకర్తయు వ్రాసియుండడని మా నమ్మకము.

మన తెలుగు కవులును ఈ నడత పక్షమే వహించిరి. పదునైదవ శతాబ్దపు కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో, భోజరాజు విక్రమార్కుని సింహాసన మెక్కబోవగా ముప్పదిరెండు బొమ్మలు ఒక్కొక్కటిగా నడ్డగించును. అవి అడుగునది వంశమును గాదు. విక్రమార్కుని వంటి ఔదార్యము నీకు కలదా యని. పెద్దన మనుచరిత్రలో సిద్ధుడిచ్చిన పాదలేపము ప్రవరుని హిమగిరికి చేర్చినది గాని, మంచునకు కరగిపోయినది. ఆతని నింటికి చేర్చినది అరువు తెచ్చుకొన్న లేపము గాదు, తప్పని నిష్ఠ.

కట్టుబాటే లేనిచో నేమగునో 1951లో విజయా వారు కె. వి. రెడ్డి గారి దర్శకత్వమున తీసిన పాతాళభైరవి చూపినది. ఆ ప్రతిమ యెవరి చేతనున్న వారికే దాసి. తోట రాముని చేతనున్నప్పుడు మేడలు కట్టినది. నేపాళ మాంత్రికుని చేత జిక్కగానే ఆ మేడలను, రాకుమారిని సైతము కొనిపోయినది. నిబంధన యెరుగని శక్తి యెంత భయంకరమో ఆ కథ చూచిన పిల్లవానికైన తెలియును.

ఇక మా కులమువారి ముచ్చట. తెలంగాణము నుండి బ్రతుకుదెరువునకై భివండీకి వచ్చి సాంచలు నడపిన పద్మశాలీలు వేలకొలది కలరు. పద్మనగరున తెలుగు మాటయే వీధి మాట. మా స్వగ్రామములలో కూనపులివారు వచ్చి, చేర్యాల నకాషీలు వ్రాసిన పొడవైన పటమును విప్పి, మార్కండేయ, భావనా ఋషుల కథ చెప్పెడివారు. ఆ పటము పూజార్హమైన వస్తువు. జీర్ణించినచో నదిలో నిమజ్జనము చేయుట ఆచారము. పద్మశాలీలకు ఆ కథ చెప్పు హక్కు కూనపులివారిదే. ఇతరుల కది చెల్లదు. ఆ హక్కే వారికి అన్నము పెట్టినది, పటము నిలిపినది. కాని మేము ఊరు విడిచి వచ్చితిమి. వినువారు తరిగిన కొలది చెప్పువారును తరిగిరి. హక్కు ఒక్కరిదే యైనచోట, వారు మానిన నాడు కథయు మానును. రక్షించు కంచెయే కొంతకాలమునకు చెర యగుట యిట్లే.

చివరకు మా సొంత మాట యొకటి. ఒక సంస్థలో మేము పైయధికారి పని పదునాలుగేండ్లు చేసితిమి. మెట్రిక్యులేషను చాలదని ఆ పదవి మాకీయలేదు. ఆ బాధను నేటికిని మరువలేదు. అయినను అదే కాలమున, సాంచ నడుపు కార్మికుని కుమారు డొకడు సాయంకాలములందు వచ్చి, ఖాతా వ్రాయుట నేర్పుమని వేడగా, "ఇది నీ పని కాదురా" అని పంపివేసితిమి. ద్రోణు డన్న మాటయే మా నోట వచ్చినది. మనుమడు ప్రశ్నించిన నాటి రాత్రి మాకు నిద్ర పట్టనీయనిది కర్ణుని కథ గాదు. ఆ బాలుని ముఖము.

మరునాడు మనుమనికి మేము చెప్పినది యిది: "ఆట సమముగా సాగవలెనని పెట్టుకొన్న నియమమును నలుగురును కలసి పెట్టుకొనుడు, నలుగురును కలసి మార్చుకొనుడు. కాని కత్తి పట్టువానిని నీవెవ్వడ వని యడుగకుడు. దేనికి పట్టుచున్నావు, మరల ఒరలో పెట్టగలవా అని యడుగుడు." పిల్లలు కొంతసేపు మాటలాడుకొని, మాంత్రికుడు ఖడ్గము పట్టవచ్చుననియు, పట్టినంతసేపు మంత్రము చెప్పరాదనియు తీర్మానించుకొనిరి. మాకది న్యాయముగానే తోచినది.

మన సంఘమున చిన్నవా రెవ్వరైన లెక్క, మగ్గము, పద్యము, పటము, ఏ విద్యనైన నేర్పుమని తలుపు తట్టినచో పెద్దలు త్రోసిపుచ్చకుందురు గాక. మా వలె ఆలస్యముగా తెలిసికొనువారు మరొకరు లేకుండుటయే మా కోరిక.